కడగని కంచం

నౌకరీలో ఎన్నడన్నా భయపడ్డారా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మానసిక వైద్యం వైపు పనిచేసి రిటైరైన నర్సును కదా, ఎవరో నా గొంతు పట్టుకున్న కథ చెబుతానని వాళ్ల ఆశ. నా గొంతు ఎవరూ పట్టుకోలేదు. ఒకామె జడ పట్టుకుంది, అదీ మల్లెపూల కోసం. నేను నిజంగా భయపడింది ఒక్కసారే, ఒక పిల్లిని చూసి. అది మీద పడి రక్కలేదు. పట్టపగలు, నిండా జనం ఉన్న హాల్లో పడుకుని నిద్రపోతోంది, అంతే.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది. భ్రమలు ఎన్ని రకాలో, ఏ మందు ఏ భ్రమకు పనిచేస్తుందో మీకు నేర్పుతారు. బుద్ధిగా నేర్చుకోండి, అవి కావాలి. పేషెంటు చెప్పేది నిజమై మనం చెప్పేది అబద్ధమైన రోజు ఏం చేయాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. ఆర్మూరులో ఒక తల్లీకొడుకుల దగ్గర నేర్చుకున్నాను.

అప్పుడు నేను ఆర్మూరులో ఒక చిన్న దవాఖానలో ఉన్నాను. వారానికోసారి నిజామాబాద్ నుంచి మానసిక డాక్టరు వచ్చి చూసేవాడు. ఎండలు ముదిరే కాలానికి ఆ ఊరు ఎట్లుంటుందో చూసినవాళ్లకు తెలుసు. ఉడికిన పసుపు కళ్లాల మీద ఆరుతుంటుంది. ఆరిన కొమ్ములు పాలిష్ డ్రమ్ముల్లో తిరుగుతుంటాయి. హమాలీల కనురెప్పలు కూడా పసుపే. మా హాలు తుడిచిన గంటకే నేల మీద పసుపు పాదాలు పడేవి. అవన్నీ లోపలికి పోయిన అడుగులే, బయటికొచ్చినవి ఒక్కటీ ఉండేవి కావు. ఉన్న పసుపంతా లోపలికి వచ్చేటప్పుడే రాలిపోయేది కనుక అట్లా. కారణం తెలిసినా సరే, సాయంత్రం తాళం వేసేటప్పుడు వాటివైపు చూసేదాన్ని కాదు.

పాలిష్ డ్రమ్ము అంటే మనిషి వంగి దూరితే పట్టేంత ఇనుప పీపా. చుట్టూ జల్లెడలాగా చిల్లులుంటాయి. ఎండిన కొమ్ములు అందులో పోసి, మూత బిగించి, మోటరుతో తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు రాలి మెరుస్తాయి. దగ్గర నిలబడితే చెవులు గింగురుమంటాయి కానీ, దూరం నుంచి వింటే పక్కింట్లో ఎవరో ఆపకుండా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మా ఓపీ కిటికీ తెరిస్తే ఆ చప్పుడు పొద్దంతా వినబడేది.

ఆ తల్లి బీడీలు చుట్టేది. మాట కరుకు, మనసు మంచిది. మొగుడు పోయాక ఒక్క కొడుకును ఆ బీడీల మీదే పెంచింది. కొడుకు మస్కట్ పోయి, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని ఆర్నెల్లకే వాపసొచ్చాడు. తర్వాత జక్రాన్‌పల్లి రోడ్డు మీద పసుపు డ్రమ్ము దగ్గర పనికి కుదిరాడు. అక్కడ ఆ గొంతు డ్రమ్ములోకి పోయి కూర్చుంది.

అతన్ని మొదటిసారి తీసుకొచ్చిన రోజు నాకు బాగా యాదికుంది. పేరు రాసుకుంటుంటే కరెంటు పోయింది. పంకాలు ఆగాయి, దూరంగా డ్రమ్ములూ ఆగాయి. ఊరంతా ఒక్కసారి సద్దుమణిగింది. అందరూ తలెత్తి పంకా వైపు చూస్తుంటే ఇతను మాత్రం కిటికీ వైపు తిరిగి, ఎవరో పిలిస్తే పలికినట్టు మెల్లగా, “ఆఁ, వస్తున్న” అన్నాడు.

స్కిజోఫ్రెనియా అన్నాడు డాక్టరు. మందు రాశాడు. మందు పనిచేసింది కూడా. ఇది మీరు నమ్మాలి, ఇంటివాళ్లను నమ్మించాలి. నెల తిరిగేసరికి గొంతు సన్నబడింది, అతను కడుపునిండా తిని కంటినిండా పడుకోసాగాడు. గోలీతో పాటు మాటల వైద్యం మా కౌన్సిలర్ చేసేది. ఆర్మూరు ముస్లిముల అమ్మాయి, డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదువుకుంది. వయసులో నా బిడ్డంత. మా ఇద్దరికీ చాయ్ దగ్గర రోజూ తగాదా. ఆ పిల్లకు ఇలాచీ కావాలి, నాకు అల్లం కావాలి.

ఆ అమ్మాయి గొంతుతో కొట్లాడమని చెప్పేది కాదు. “అన్నా, గా గొంతు ఏమన్న అంటే ఎంటనే నమ్మకు. ఎంటనే తిట్టకు. సబూత్ ఉందా చూడు. నీ బయట, వేరేటోళ్లకు సుత కనవడే సబూత్. అది లేకుంటె గొంతుదే అబద్ధం అనుకో” అనేది. సబూత్ అంటే రుజువు. అతనికి ఆ మాట నచ్చింది. డ్రమ్ము దగ్గర గొంతు వినబడితే పక్కవాణ్ని అడిగేవాడట, “నీకు ఇనవడుతుందా?” అని. వాడు లేదంటే “సబూత్ లేదు” అని పని చేసుకునేవాడు. బతుకు గాడిలో పడిందనుకున్నాం.

ఈ జబ్బులో కష్టం మొదలయ్యేది అక్కడే. మందు చెయ్యిని వణికించింది. డ్రమ్ము బెల్టు పక్కన వణికే చెయ్యి అంటే ఆ చెయ్యి ఉంటుందో లేదో చెప్పలేం. అతను మాతో ఆ మాట అనలేదు. చెబితే పని మాన్పిస్తారని భయం. గప్‌చుప్‌గా గోలీలు మానేశాడు. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. తల్లిని అడిగితే “ఏస్కుంటుండు సార్, మంచిగ ఏస్కుంటుండు” అనేది.

ఒకసారి ఆమె ముఖం వెలిగిపోతూ వచ్చింది. “సిస్టరమ్మా, నా కొడుక్కు బుద్ధొచ్చింది. తిన్న కంచం వాడే కడుగుతుండు! పుట్టి బుద్ధెరిగినంక ఎంగిలి కంచం ముట్టనోడు, కడిగి బోర్లిచ్చి పోతుండు.”

“ఎవరన్న పిల్ల నచ్చిందేమో అక్కా, ముందుగాల్నే నేర్చుకుంటుండు” అన్నాను నేను. ఇద్దరం పడీపడీ నవ్వాం. 

తర్వాతి వారం అతను కౌన్సిలర్ ముందు కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. నేను పక్కనే బీపీ మిషను సర్దుతున్నాను.

“మేడం, బయట కూసున్నామె మా అమ్మ గాదు.”

అరుపు లేదు, కోపం లేదు. ఎదురింటాయన ఊరెళ్లాడని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

“మరి ఎవరన్నా?” అంది కౌన్సిలర్.

“ఎర్కలేదు. అమ్మ చీరలే కట్టుకుంటది. అమ్మ లెక్కనే దగ్గుతది. మంచిదే పాపం, నన్ను మంచిగనే చూస్కుంటది. పరాయి మనిషి తోటి ఎంగిలి కంచం కడిగిస్తె పాపం గద, అందుకే నేనే కడుక్కుంటున్న.”

నా చేతిలో బీపీ మిషను పట్టీ అట్లాగే ఉండిపోయింది.

“ఆమె అమ్మ కాదని ఎట్ల తెల్సింది?”

“నా పాలల్ల ఏదో కలుపుతది. గొంతు జెప్పింది. మా అమ్మ నా పాలల్ల ఏం కలుపది మేడం. ఆమెకు నా మీద పానం. గామె కలుపుతున్నదంటె, గామె అమ్మ గానట్టే గద.”

వాళ్లింట్లో చిన్నప్పటి నుంచీ రోజూ సాయంత్రం అతనికి పసుపు పాలు అలవాటు. పసుపు ఊరు, పసుపు పని, దగ్గు రాకుండా పసుపు పాలు.

“అయితే మీ అమ్మ ఏడుంది?”

అతను కిటికీ వైపు చూశాడు. దూరంగా చప్పుడు నడుస్తూనే ఉంది. “డ్రమ్ములున్నది. పిలుస్తనే ఉన్నది. ఇప్పుడు మాల్ మస్తుగుంది, సేటు డ్రమ్ము ఆపనియ్యడు. ఉగాదికి బంద్ వెడ్తడు. గప్పుడు మూత దీసి లోపటికి దిగుత. అమ్మను తీస్కొస్త.”

కౌన్సిలర్ నా వైపు చూసింది.  డ్రమ్ములో మనిషి ఉన్నాడని తెలియక పండుగ మర్నాడు ఎవడన్నా మోటరు వేస్తే చాలు. డాక్టరు మందు మోతాదు పెంచాడు. వచ్చే వారానికి మార్పు లేకపోతే హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపుదాం అన్నాడు. పాలలో విషం, తల్లి స్థానంలో పరాయి మనిషి, ఇవి ఈ జబ్బులో కొత్తవి కావు. మాకు ఎవరికీ అనుమానం రాలేదు. తల్లికి విషయం చెబితే ఆమె ఏడవలేదు. “రోజూ నన్ను ‘తిన్నవా’ అని అడుగుతుండు సిస్టరమ్మా. పరాయి మనిషిననేనా గట్లడిగింది?” అంది. 

ఉగాది ఇక నాలుగు రోజులుందనగా మళ్లీ ఓపీ వచ్చింది. హాల్లో కాలు పెట్టే సందు లేదు. అతను గోనెసంచి ఒకటి రెండు చేతులా జాగ్రత్తగా మోసుకుంటూ వచ్చాడు. వెనకాల తల్లి. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి సంచి విప్పి, లోపలున్నది తీసి బల్ల మీద పడుకోబెట్టాడు.

తెల్ల పిల్లి. చచ్చిందనుకున్నాను. కడుపు మెల్లగా లేచి పడుతోంది. మీసాల మీద పసుపు పాలు ఎండి ఉన్నాయి. నాలుక కొస బయటికుంది. చుట్టూ పిల్లల ఏడుపులు, నర్సుల కేకలు, ఎవడి ఫోనులోనో పెద్దగా పాట. దాని చెవి కూడా కదల్లేదు. ముట్టుకుంటే వెచ్చగా, మెత్తగా, ఎముకలు లేనట్టు ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కౌన్సిలర్ బయటికొచ్చింది. అతను ఆమె వైపు తిరిగి, పరీక్షలో పాసైన పిల్లాడిలా నిలబడ్డాడు.

“సబూత్ తెచ్చిన మేడం. మీరే చెప్పిండ్రు గద, బయటోళ్లకు సుత కనవడే సబూత్ చూడుమని. పాలల్ల ఏదో ఉన్నదని గొంతు జెప్పింది. నేను ఎంటనే నమ్మలే. ఎంటనే తిట్టలే. పాలు పిల్లికి వోసిన. నిన్న మాపటి సంది లేస్తలేదు. ఇగ చెప్పుండ్రి, నిజం జెప్పింది గొంతా, మీరా?”

హాలు మొత్తం మా వైపు చూస్తోంది. నేను తల్లి వైపు చూశాను. ఆమె తేలు కుట్టిన దొంగలాగా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అప్పుడు నాకు అర్థమైంది. నేను భయపడింది అప్పుడే. ఇన్నాళ్లూ ఆ డ్రమ్ములోని గొంతు చెబుతున్న మాట నిజం. దాన్ని అబద్ధమన్నది మేము.

లోపలి గదిలో ఆమెను కూర్చోబెట్టి అడిగితే ఒక్కసారే చెప్పేసింది. డ్రమ్ము దగ్గర పొట్టు కుప్పలో కొడుకు పారేసిన గోలీలు దొరికాయట. బతిమాలింది, తిట్టింది, వేసుకోలేదు. దాంతో నూరి పాలలో కలపడం మొదలుపెట్టింది. పసుపులో అన్నీ కలిసిపోతాయి, రంగు తెలియదు. డాక్టరు మోతాదు పెంచాక అది కూడా కలిపింది. అతను కొన్ని రోజులు తాగాడు, కొన్ని రోజులు పారబోశాడు. అందుకే మందు అటూ ఇటూ కాకుండా పోయింది.

“వాడు చిన్నగున్నప్పుడు నులిపురుగుల మందు బెల్లంల వెట్టి తినిపియ్యలేదా? గట్లనే అనుకున్న” అంది.

ఆమెను తప్పు పట్టడం మీకు తేలిక. ఈ పని కల్లులో కలిపి చేసినవాళ్లను, చాయ్‌లో కలిపి చేసినవాళ్లను, చదువుకున్నవాళ్లను, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లను కూడా చూశాను. ప్రేమ ఉన్న ఇంట్లోనే ఎక్కువ జరుగుతుంది.

డాక్టరు చేతిలోని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఆలోచించాడు. “ఇప్పుడు చెబితే ఆమె మీద పడతాడు. నేరుగా హైదరాబాద్ పంపిద్దాం. కుదుటపడ్డాక నెమ్మదిగా చెప్పొచ్చు” అన్నాడు. మంచివాడు, తల్లి ప్రాణం గురించే అన్నాడు.

కౌన్సిలర్ ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది కాదు. ఆ రోజు మాట్లాడింది. “సార్, ఇప్పుడు మనం లేదంటే, అతనికి నిజం చెప్పేది ఒక్క గా గొంతే మిగులుతది. రేపు అది డ్రమ్ముల దుంకు అంటె దుంకుతడు. ఎందుకంటె ఒకసారి నిజం జెప్పింది గద.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఆ పిల్ల వైపే నిలబడ్డాను. నా మాటకు డాక్టరు ఎప్పుడూ కాస్త విలువ ఇచ్చేవాడు, లేదా నా నోటికి భయపడేవాడు. మొత్తానికి ఒప్పుకున్నాడు. తల్లి నా చెయ్యి పట్టుకుంది. “చెప్తె నన్ను సంపుతడేమో సిస్టరమ్మా. సంపినా మంచిదే. అన్నం మానేస్తె ఎట్ల?”

అతన్ని లోపలికి పిలిచాం. పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాని తల నిమురుతూనే ఉన్నాడు. నేను అతనికీ తల్లికీ మధ్య స్టూలు వేసుకున్నాను. ఆమె చెప్పింది. గోలీలు దొరికింది, నూరింది, కలిపింది, అన్నీ.

అతను చివరిదాకా విన్నాడు. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

“చూసిండ్రా? మా అమ్మ గాదు. మా అమ్మ తప్పు జేస్తె సుత ఒప్పుకోదు.”

 తల్లికి మండింది. భయమంతా ఎటుపోయిందో, లేచి నిలబడింది. “అవ్ రా, ఒప్పుకోను! ఏం తప్పు జేసిన్నని ఒప్పుకోవాలె? నువ్వు నోట్లె ఏస్కుంటె నాకేం పని నూరుడు? నులిపురుగుల మందు బెల్లంల వెడితె గప్పుడు సుత నాకి నాకి బెల్లం దిని మందు కోడికేసినవ్! కోడి సచ్చింది! ఇప్పుడు పిల్లి దొర్కిందా నీకు?”

ఆ కేకకు పిల్లి ఒక కన్ను తెరిచింది. అతను తల్లి ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఇప్పుడు గుర్తుపడతాడు, ఇప్పుడు అమ్మా అంటాడు అని నేను ఎదురుచూశాను.

“కోడి సంగతి నీకెవరు జెప్పిండ్రు?” అన్నాడు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఆ స్థితిలో ఉన్న మనిషికి గుర్తులు చెప్పి గెలవలేరు. తల్లికే తెలిసిన ముచ్చట చెబితే, పరాయిది అంత బాగా నేర్చుకుందని ఇంకా భయపడతాడు. కొడుకు అడిగింది విని తల్లి కుప్పకూలినట్టు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

గోలీలకు బదులు నెలకోసారి సూది ఇవ్వొచ్చని డాక్టరు అతనికి చెప్పాడు. అతను ముందు ఆమె వైపు తిరిగాడు. “నువ్వు ఎవరైనా గానీ, నిజం జెప్పినవ్. మంచిది” అన్నాడు ఆమెతో. మా వైపు తిరిగాడు. “మీరు సుత నిజం జెప్పుండ్రి. డ్రమ్ము తెర్శి, మీరే లోపట చూసి, ఏమున్నదో చెప్పుండ్రి. గప్పుడు మీ సూది సంగతి చూస్త.”

మధ్యాహ్నం అన్నాల వేళకు పోయాం. డాక్టరుకు క్యూ ఉంది, రాలేకపోయాడు. నేను, కౌన్సిలర్, తల్లీకొడుకులు. షెడ్డులో పనివాళ్లు లేరు. ఆగిన డ్రమ్ములు వరుసగా ఉన్నాయి. వాటి మీద, నేల మీద, సాలెగూళ్ల మీద కూడా పసుపు పొడి. మా అడుగుల చప్పుడు ఆ పొడిలో వినబడలేదు. సేటు ఫ్యూజు పీకి నా చేతిలో పెట్టాడు. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. మూత కూడా ఆయనే విప్పాడు.

“ముందుగాల మీరు చూడుండ్రి సిస్టర్. ఉన్నదున్నట్టు చెప్పాలె.”

“ఉన్నదున్నట్టే చెప్త తమ్మీ” అన్నాను.

తల లోపలికి పెట్టాను. వేడి. చీకట్లో చిల్లుల గుండా వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతోంది. అడుగున నాలుగు కొమ్ములు మిగిలి ఉన్నాయి. నా ఊపిరి నాకే ఇంకెవరిదో అనిపించింది. ఎవరూ లేరని చెబుదామని నోరు తెరవబోతున్నాను, అప్పుడు లోపల, నా చెవి పక్కనే, ఒక ఆడమనిషి దగ్గింది.

తల బయటికి లాగేసరికి రేకు అంచు తగిలి నుదురు గీరుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చూస్తే నా వెనక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది, పసుపు పొడికి. ఆ దగ్గే లోపల మోగింది.

“ఏమినవడ్డది?” అన్నాడు.

దాచిపెట్టాలనిపించింది. దగ్గు వినబడిందంటే అతను ఏమనుకుంటాడు? కానీ మాటిచ్చాను. “మనిషెవరు లేరు తమ్మీ. నాలుగు కొమ్ములున్నయి. నా ఊపిరి ఇనవడ్డది. ఒక దగ్గు సుత ఇనవడ్డది. గీమె బయట దగ్గితె లోపట మోగింది.”

అతను ఆమెను చూశాడు, డ్రమ్మును చూశాడు. తర్వాత వంగి తల లోపలికి పెట్టాడు. నేను అతని చొక్కా వెనక నుంచి పిడికిట్లో పట్టుకున్నాను. ఇంకో పిడికిట్లో ఫ్యూజు. అట్లా ఎంతసేపున్నాడో చెప్పలేను. కౌన్సిలర్ పెదాలు కదుపుతూ దువా చేసుకుంటోంది.

“మీ అమ్మ ఉన్నదా?” అడిగాను.

“కనవడ్తలేదు. ఇనవడుతున్నది.”

“ఏమంటున్నది?”

డ్రమ్ములోంచి అతని గొంతు అతనిది కానట్టు వచ్చింది. “సూది ఏస్కో అంటున్నది.”

తల బయటికి తీసి, కళ్ల మీది పసుపు తుడుచుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడుస్తూ, “పాండ్రి. అమ్మ జెప్పినంక తప్పుతదా” అన్నాడు.

ఆ రోజే డాక్టరు ఆ సూది మొదలుపెట్టాడు. చెయ్యి వణకని మందు చూసి మార్చాడు. ఆ వణుకు సంగతి అతను అప్పుడే మాకు చెప్పాడు, మేము అడిగినందుకు. మందు పేరేమిటి, ఏం చేస్తుంది, ఏం ఇబ్బంది పెడుతుంది, అన్నీ చెప్పి ఇచ్చాం. ఇంట్లో పాలు అతని కళ్ల ముందే కాచాలి, ఆమె ఒక గుక్క తాగాకే అతను తాగాలి. ఇది కౌన్సిలర్ పెట్టిన షరతు. పండుగకు డ్రమ్ముకు తాళం వేసి తాళంచెవి సేటు తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఉగాది గడిచిపోయింది. మా ఇంట్లో నేను కూడా కొన్నాళ్లు కోడలు ఇచ్చిన చాయ్ వాసన చూసి తాగాను. ఆమె నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఒక్క సూదికే తల్లి తిరిగి రాలేదు. అట్లా వస్తుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. చాలా వారాలు ఆమె ఆ ఇంట్లో పరాయి మనిషిగానే వండిపెట్టింది. అతను మర్యాదగా తిని, కంచం కడిగి, బోర్లించేవాడు.  ఆమె ప్రతి వారం నా దగ్గరికొచ్చి “ఇయ్యాల సుత కడిగిండు” అని చెప్పి పోయేది.

మిరుగు కార్తెలో తొలి వానలు పడి, జనం చేలల్లో కొత్త పసుపు పెట్టుకునే రోజుల్లో ఒక పొద్దున ఓపీ లేని రోజు పరిగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా లేవు. గసపోస్తోంది.

“సిస్టరమ్మా! కడగలే! కంచం కడగలే! తిన్నకాడనే ఇడ్శిపెట్టి, చెయ్యి కడుక్కొని, ‘కారం ఎక్కువైంది’ అని తిట్టుకుంట వోయిండు!”

నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ కంచాన్ని ఆమె మాపటిదాకా కడగలేదట. చీమలు పట్టాక కడిగిందట.

అతను ఇప్పటికీ సూది వేయించుకుంటున్నాడు. డ్రమ్ము దగ్గరే పని. గొంతు అప్పుడప్పుడు వస్తుంది, సబూత్ అడిగితే పోతుంది. నేను రిటైరయ్యే ముందు చివరిసారి అతనికి సూది వేశాను. తల్లి పక్కన బల్ల మీద కూర్చుంది. అతను చొక్కా చెయ్యి దించుకోకుండా ఏదో ఆలోచిస్తున్నాడు.

“సిస్టర్, గామె ఏడికి వోయింది?”

“ఎవరు తమ్మీ?”

“గామెనే. అమ్మ లేనప్పుడు నన్ను చూస్కున్నామె.”

 మళ్లీ మొదలైందా అని కళ్లలోకి చూశాను. అది కనిపెట్టి నవ్వాడు. “ఫికర్ చెయ్యకుండ్రి. గామె అమ్మనే, నాకు ఎరుకే. అయినా సుత యాదికొస్తది. గన్ని దినాలు వండి పెట్టింది. నేను ఒక్కనాడు మంచిగ మాట్లాడలే. ఒక్కనాడు గిన్ని చాయ్ వొయ్యలే. ఎవరన్న గామెను అడిగిండ్రా, ఎట్లున్నవని?”

  జవాబు తల్లి చెప్పింది. బల్ల మీద నుంచి లేచి, అతని చొక్కా చెయ్యి తనే కిందికి దించి, గుండీ పెట్టింది.

“మంచిగనే ఉన్నది కొడుకా” అంది. “నువ్వు అడిగినవని చెప్త.”